ఏడో నంబరు గ్రహశకలం

ఒక మనిషి తన పరువుకు తానే ఫ్రేము కట్టి, తానే మోసుకెళ్ళి, తానే మేకు కొట్టి, నిండు సభలో గోడకు వేలాడదీయడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బెంగపడకండి. ఆ మనిషిని నేనే. శత్రువుల సాయం ఏమీ తీసుకోలేదు. పోనీ, పోయింది నా పరువొక్కటే అయితే ఈ కథ చెప్పే పనే లేదు. నేను దోహాలో మేకు కొడితే ఆ దెబ్బ జగిత్యాల పక్కన ఒక పల్లెలో ఐదు నెలల గర్భిణికి తగిలింది. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ శుక్రవారం మధ్యాహ్నం భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఖతార్ నేల గట్టిది. చీలలేదు.

మన ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన ఏడు అది. దోహాలోని ఉమ్ ఘువైలినాలో ఒక ఫొటో ప్రింటింగ్ షాపులో నేను డిజైనర్‌ని. డిజైనర్ అనగానే ఏదో ఊహించుకోకండి. పాస్‌పోర్టు ఫొటోల వెనకాల తెల్లరంగు పూయడం, కార్డులకు లామినేషన్ చేయడం, పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికొడుకు నలుపును ఒక మెట్టు తగ్గించడం, ఇదీ నా కళ. కానీ లోపల మాత్రం నేను ఖగోళ శాస్త్రవేత్తను. పాలకొల్లులో డిగ్రీ చదివేటప్పుడు ఫిజిక్సు రెండుసార్లు తప్పాను. మూడోసారి దానికే నా మీద జాలి కలిగి వదిలిపెట్టింది. ఆ అవమానం తీర్చుకోవడానికి ఖతార్ వచ్చాక రోజూ ఫోన్లో అంతరిక్షం వీడియోలు చూసేవాణ్ణి. చూసిందంతా నా రూమ్మేటు ఓబులేసుకు చెప్పేవాణ్ణి.

ఓబులేసుది కడప జిల్లా. ఒక పెద్దమనిషి ఇంట్లో డ్రైవరు. రోజంతా ట్రాఫిక్‌లో నలిగి వచ్చి, కంచంలో అన్నం కలుపుకుంటూ, నల్లబిలాల గురించి నేను చెప్పేదంతా పాపం ఓర్పుగా వినేవాడు. ఒకరోజు మాత్రం ముద్ద కిందపెట్టి అడిగాడు.

"నువ్వు చెప్పేది శానా బాగుంటాదబ్బా. ఒక్కనాడన్నా తలెత్తి పైకి చూసినావా?"

చూడలేదు. అది నిజం. నాకు చూడటం కన్నా చెప్పడం మీద మక్కువ ఎక్కువ. నిండుకుండ తొణకదంటారు; నేను ఖాళీ కుండని కాబట్టి ఎవరు కాస్త కదిపినా మోగేవాణ్ణి.

అలా మోగుతున్న నన్ను మన తెలుగువాళ్ళ సంఘం కార్యదర్శి సత్యవతి మేడమ్ విన్నారు. ఆవిడ ఐన్ ఖాలిద్‌లో ఉంటారు, బడిపంతులమ్మ. డిసెంబరులో ఒక శుక్రవారం పిల్లల కోసం ప్రదర్శన పెడుతున్నామని, ఆ ఏడాది అంతరిక్షంలో తీసిన ఫొటోల్లో మరపురానివి పన్నెండు ఏరి, పెద్దగా ప్రింటు తీసి, కింద తెలుగులో వివరణ రాసిపెట్టమని అడిగారు. నేను వద్దనడానికి నాకేమైనా పిచ్చా? నా జన్మ అందుకే ఎత్తానన్నాను. అయితే ఆవిడ చివర్లో, మా బడిలో ఫిజిక్సు మాస్టారు ఉన్నారు, ఒకసారి ఆయనకు చూపిద్దామా అన్నారు. నాకు చురుక్కుమంది.

"నా మీద నమ్మకం లేకపోతే చెప్పండి మేడమ్."

"నమ్మకం ఉంది రమణగారూ. భయం కూడా ఉంది," అన్నారావిడ.

ఆ రెండో మాట నేను వినిపించుకోలేదు.

పన్నెండూ ఏరాను. చంద్రుడి మీద మన ల్యాండరు నాలుగు కాళ్ళ మీద ఒంటరిగా నిలబడి ఉంటే, దాని కడుపులోంచి దిగిన బండి వెనక్కి తిరిగి తీసిన ఫొటో మొదటిది. గ్రహశకలం మీది దుమ్ము పట్టుకొచ్చి ఎడారిలో పడిన డబ్బా మరొకటి. దాన్ని చూసి మా షాపు ఓనరు, ఇది మన సీలైన్ ఎడారి ఇసుకేనా అని అడిగాడు. నక్షత్రాలు పుట్టే రంగుల మేఘం, వలయాల వడ్డాణం పెట్టుకున్న యురేనస్, ఇలా ఒక్కొక్కటీ. ఏడో నంబరు నాకు ప్రాణం. అదొక చిన్న గ్రహశకలం. దూరం నుంచి ఒకటే అనుకున్నారు. అంతరిక్షనౌక పక్కనుంచి దూసుకుపోతూ ఫొటో తీస్తే, దాని పక్కన ఇంకో బుల్లి శకలం తిరుగుతూ కనిపించింది. బూడిద రంగు, చుట్టూ కటిక నలుపు. దాని కింద గోడకు అంటించే చీటీ మీద నేను ఇలా రాశాను: "మొదట ఒకటే అనుకున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే రెండు. వయసు కోట్లాది సంవత్సరాలు. ఒళ్ళంతా రాయి."

ఈ వాక్యాన్ని దయచేసి గుర్తుంచుకోండి. నేనైతే జన్మలో మరిచిపోలేను.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు, సాయంత్రం, షాపులోకి రాజేశం వచ్చాడు. జగిత్యాల దగ్గరి వాడు. అల్ వుకైర్ దారిలో ఉన్న క్యాంపులో ఉంటూ, సైట్ల మీద మంచెలు కట్టే పని చేస్తాడు. రెండేళ్ళుగా కార్డుల లామినేషన్‌కి మా దగ్గరికే వస్తాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడే మనిషి, ఆరోజు నేరుగా నా కుర్చీ పక్కకొచ్చి ఫోన్ తీశాడు.

"అన్నా, గీ ఫోటో జర పెద్దగ చెయ్యాలె."

"ఏంటది?"

"నా బిడ్డ."

ఆసుపత్రిలో కడుపు మీద మిషన్ పెట్టి తీసే స్కానింగ్ ఫొటో అది. బూడిద రంగు, చుట్టూ కటిక నలుపు. రాజేశానికి పెళ్ళై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళకోసారి సెలవు. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ మూడో నెలలో పోయింది. ఇది మూడోది. ఈసారి ఐదో నెల వచ్చింది. భార్య పద్మ స్కానింగ్ ఫొటో పంపితే, మంచె ఎక్కినప్పుడల్లా ఫోన్ తీసి చూసుకుంటూ ఉండేవాడట. ఫోర్‌మన్ చూసి, పైన ఉండగా ఫోన్ ముట్టుకుంటే ఊరుకోనన్నాడట. అందుకని పెద్దగా ప్రింటు తీయించి మంచం పక్కన గోడకు పెట్టుకుంటానని, డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి చూసుకుంటానని చెప్పాడు.

"పైన రాతలున్నయి గదా, అవి తీసెయ్ అన్నా. పేరు, ఊరు ఉంటే దిష్టి తాకుతది."

అలాగేనన్నాను. ఊరికే అనలేదు; దొరికాడు కదా అని, అంతరిక్షనౌకలు తీసే ఫొటోలు కూడా అచ్చం ఇలాగే సంకేతాల రూపంలో వస్తాయని, వాటిని మనం బొమ్మగా మార్చుకోవాలని పావుగంట సేపు ఉపన్యసించాను. రాజేశం చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు.

"మంచిదన్నా. మరి నా బిడ్డను ఎప్పుడిస్తవ్?"

గురువారం సాయంత్రం ఇస్తానన్నాను.

ఇక ఆ గురువారం సంగతి. ఖతార్‌లో నేషనల్ డే ముందు వారం ప్రింటింగ్ షాపులో పని చేసినవాళ్ళకు నరకం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కార్లకు అంటించే ముదురు ఎరుపు, తెలుపు జెండా స్టిక్కర్ల కోసం జనం గుమ్మం దాకా నిలబడ్డారు. నేను ఒక చేత్తో స్టిక్కర్లు కోస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని సత్యవతి మేడమ్‌కి యురేనస్ ఎందుకు పక్కకు పడుకుని తిరుగుతుందో వివరిస్తూ, రెండో చేత్తో ఫ్రేములకు వెనక అట్టలు బిగిస్తున్నాను. ఫ్రేములన్నీ బోర్లా ఉన్నాయి. వెనకాల ఒకదానికి "7" అని, ఒకదానికి "రాజేశం" అని కాగితం అంటించాను. తిప్పి చూడలేదు. రెండూ ఒకే సైజు, రెండింటి మీదా ఒక్క అక్షరం లేదు, రెండూ బూడిద రంగే. గాడిదా బూడిదా కలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. బూడిద అక్కడుంది, గాడిదను నేనున్నాను.

సాయంత్రం రాజేశం వచ్చి, కాగితం చుట్టిన ఫ్రేమును రెండు చేతులా అందుకున్నాడు. ఇక్కడ విప్పనన్నాడు. గదికి పోయి, స్నానం చేసి, దీపం పెట్టి విప్పుతానన్నాడు. నాకు ముచ్చటేసింది.

శుక్రవారం పొద్దున ఓబులేసు కారులో పన్నెండు ఫ్రేములూ ఐన్ ఖాలిద్‌లోని హాలుకు చేర్చాం. నేనే నిచ్చెనెక్కి మేకులు కొట్టి, నేనే తగిలించాను. ఏడో నంబరు తగిలించేటప్పుడు చూడలేదా అని మీరు అడుగుతారు. చూశాను. "కంప్యూటర్లో కన్నా పెద్దగా చూస్తే ఎంత బాగుందో" అనుకున్నాను. పుట్టుగుడ్డివాడికి క్షమ ఉంది, నాకెక్కడిది?

జనం వచ్చారు. పిల్లలు నేల మీద కూర్చున్నారు. నేను పొడవాటి చూపుడు కర్ర పట్టుకుని ఒక్కో ఫొటో దగ్గరా ఆగుతూ విశ్వరహస్యాలు విప్పుతున్నాను. ల్యాండరు దగ్గర చప్పట్లు కొట్టారు. యురేనస్ దగ్గర నవ్వారు. ఏడో నంబరు దగ్గరికి రాగానే ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"అంకుల్, దానికి ముక్కు ఎందుకుంది?"

"అది ముక్కు కాదమ్మా. కోట్ల ఏళ్ళ కిందట వేరే రాయొచ్చి గుద్దుకుంటే లేచిన గుట్ట."

"మరి నోట్లో వేలెందుకు పెట్టుకుంది?"

ఏ మాత్రం బుద్ధి ఉన్నవాడైనా ఆ ప్రశ్నకు వెనక్కి తిరిగి చూస్తాడు. నేను తిరగలేదు. "గురుత్వాకర్షణ వల్ల" అన్నాను. ఆ పిల్ల సరేనని తలూపింది. పిల్లలు పెద్దల్ని ఎందుకు నమ్ముతారో నాకిప్పటికీ అర్థం కాదు.

అప్పుడే ముఖ్య అతిథి వచ్చారు. డాక్టర్ విజయలక్ష్మిగారు. గుంటూరు ఆవిడ, ఇరవై ఏళ్ళుగా దోహాలో కాన్పులు చేస్తున్నారు. ఆ హాల్లో నేల మీద కూర్చున్న పిల్లల్లో సగంమంది ఆవిడ చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చినవాళ్ళే. ఆవిడ ఒక్కో ఫొటో చూస్తూ, మెచ్చుకుంటూ వచ్చి, ఏడో నంబరు దగ్గర ఆగారు. కళ్ళద్దాలు సవరించుకున్నారు. కింద నేను రాసింది చదివారు. మళ్ళీ ఫొటో చూశారు.

"ఇదేమిటన్నారు?"

"చిన్న గ్రహశకలం మేడమ్. ముందు ఒకటే అనుకున్నారు, తర్వాత రెండు తేలాయి."

"ఇద్దరు లేరు బాబూ. ఒక్కరే."

"కాదు మేడమ్, శాస్త్రవేత్తలు కూడా మొదట అలాగే పొరబడ్డారు. ఇదిగో ఈ తెల్లటి వంపు చూశారా, ఇది కోట్లాది సంవత్సరాల..."

"ఇరవై వారాలు," అన్నారావిడ. "మహా అయితే ఇరవై రెండు. ఆ తెల్లటి వంపు వెన్నెముక. చక్కగా ఉంది. మీరు కర్రతో పొడుస్తున్నది పొట్ట. ఆ కర్ర కాస్త తీయండి."

కర్ర తీశాను. ఆ తర్వాత నవ్వు లేచింది చూడండి, పైకప్పు లేచిపోతుందేమోననుకున్నాను. సత్యవతి మేడమ్ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనకాల ఎవరో, "రమణగారూ, గ్రహశకలానికి సీమంతం ఎప్పుడు?" అన్నారు. రెండు జడల పిల్ల మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. అది ఇంకా బాధ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలోనే బోర్లాపడ్డాను. అయితే ఆ నవ్వుల మధ్య నా మట్టి బుర్రలో ఇంకో ఆలోచన మెల్లగా తల ఎత్తింది. బిడ్డ ఇక్కడుంటే, రాయి ఎక్కడుంది?

జేబులోంచి ఫోన్ తీశాను. మూగగా పెట్టిన ఫోన్లో రాజేశం నుంచి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. వరండాలోకి వెళ్ళి చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అన్నా, నీ చేతులకు దండం పెడ్త. ఇద్దరున్నరు."

"ఎవరు ఇద్దరు?" అన్నాను.

"పెద్దదొకటి, పక్కపొంటి చిన్నదొకటి. ఫోన్ల కనవడలే. నువ్వు పెద్దగ జేసినంక సాఫ్ కనవడ్తాంది. మా గదోళ్ళందరు సూసిన్రు. కవలలే అంటున్నరు."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలు ఉంది, చూలు ఉంది, నా పుణ్యమా అని ఒక సోమలింగం అదనంగా వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే అతని గొంతు మారింది.

"గని పద్మ నిన్నటి సంది ఏడుస్తాందన్నా. దవాఖాన్ల ఒక్కటే అని చెప్పిన్రట. మరి ఇంకోటి ఏమైంది అని అడుగుతాంది. రెండుసార్లు పోయినయి గదా. లోపట్నే పోయిందేమో అని భయపడ్తాంది. అన్నం తింటలేదు. మళ్ళ సూపిస్తమంటే స్కానింగు డాక్టరు సోమవారం దాక రాడట."

ఇప్పటికీ ఈ చోటికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు. లేని బిడ్డ కోసం ఒక తల్లి ఏడుస్తోంది. ఆ బిడ్డను పుట్టించిందీ నేనే, చంపిందీ నేనే. అది కూడా యురేనస్ గురించి ఫోన్లో గొప్పలు పోతూ. నిజం చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. "నేను వస్తున్నా రాజేశం" అని మాత్రం అనగలిగాను. పెట్టేశాను. పిరికివాణ్ణి.

తిరిగి చూస్తే గుమ్మంలో డాక్టరమ్మ, ఆవిడ వెనక ఓబులేసు. నా ముఖం చూసి ఏమైందన్నారు. చెప్పాను. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"ఫోన్లో చెప్పే మాట కాదిది. ఆ ఫ్రేము గోడ మీంచి తీసుకురండి. నేనూ వస్తాను."

"మేడమ్, మీరు ముఖ్య అతిథి..."

"ముఖ్యమైన అతిథి ఆ ఫ్రేములో ఉంది. పదండి."

ఓబులేసు కారు తీశాడు. అల్ వుకైర్ దారంతా జెండాలు కట్టిన కార్లు, హారన్లు, కిటికీల్లోంచి చేతులూపుతున్న పిల్లలు. ఊరంతా పండుగ. నేను వెనక సీట్లో ఒళ్ళో బిడ్డను పెట్టుకుని శవంలా కూర్చున్నాను. దారిలో ఓబులేసు ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఒకసారి తిప్పి చూసింటే పొయ్యేదబ్బా."

క్యాంపులో రాజేశం గది మేడ మీద. తలుపు తీయగానే అగరుబత్తి వాసన. అతని మంచం పక్క గోడ మీద నా ప్రాణప్రదమైన గ్రహశకలం, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ. పెద్ద శకలానికి ఒక కుంకుమ బొట్టు, బుల్లి శకలానికి ఒక కుంకుమ బొట్టు. ఫ్రేము అంచున కాగితం ముక్క మీద రెండు పేర్లు రాసి అంటించాడు. గదిలో ఉన్న ఆరుగురూ లేచి నిలబడి డాక్టరమ్మకు కుర్చీ వేశారు. పక్క గది నేపాలీ ఆయన అప్పటికే లడ్డూలు పంచి వెళ్ళాడట. రాజేశం మా చేతుల్లోనూ ఒక్కో లడ్డూ పెట్టాడు. ఆ లడ్డూ పట్టుకుని నిజం చెప్పడం ఎంత కష్టమో ఏ శాస్త్రవేత్తా ఇంతవరకు కొలిచి ఉండడు.

"రాజేశం, అది నీ బిడ్డ కాదు," అన్నాను.

అతను నన్ను చూశాడు. గోడను చూశాడు.

"మరెవరి బిడ్డన్నా?"

"ఎవరి బిడ్డా కాదు. రాయి. ఆకాశంలో తిరిగే రాయి. దాని పక్కన ఇంకో రాయి. రెండు ఫ్రేములూ నేను తారుమారు చేశాను."

గదిలోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ చేతిలోని లడ్డూల వైపు చూసుకున్నారు. రాజేశం మంచం మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. పేర్ల కాగితం చూస్తూ మెల్లగా అన్నాడు.

"నిన్న పొద్దుమూకినప్పటి సంది ఇద్దరికి తండ్రినన్నా నేను."



డాక్టరమ్మ నా చేతిలోంచి ఫ్రేము లాక్కుని అతని పక్కన కూర్చున్నారు. ఇది తల, ఇది వెన్నెముక, ఇదిగో చెయ్యి, వేలు నోటి దగ్గర పెట్టుకుంది చూడు అని ఒక్కొక్కటీ చూపించారు. అతని ఫోన్లో పద్మ పంపిన రిపోర్టు కూడా ఉంది. ఇంగ్లీషు కాబట్టి అతను తెరవలేదు. ఆవిడ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ఉన్నది ఒక్కరేనని, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయని, గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పారు.

"ఒక్కటేనా అమ్మా?"

"ఒక్కటే. మొదటినుంచీ ఒక్కటే. ఏదీ పోలేదు."

రాజేశం ఫ్రేమును గుండెలకు ఆనించుకున్నాడు. తర్వాత పద్మకు వీడియో కాల్ చేశాడు. తెర మీద ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖం, పక్కన వాళ్ళ అమ్మ. డాక్టరమ్మ తానెవరో చెప్పి, రిపోర్టు చూశానని, ఉన్నది ఒక్క బిడ్డేనని చెప్పారు. పద్మ నమ్మలేదు. ఊరడించడానికి చెబుతున్నారనుకుంది. ఇంతలో వాళ్ళమ్మ ముందుకొచ్చింది.

"దుబాయ్ల పెద్ద మిషన్ల ఇద్దరు కనవడ్డరని అల్లుడు చెప్పిండు గదా డాక్టరమ్మా. ఊరందరికి చెప్పిన."

"అది మిషన్ కాదమ్మా. ఈయన," అని డాక్టరమ్మ ఫోన్‌ను నా వైపు తిప్పారు.

నా జీవితంలో నన్ను చూడటానికి ఒక పల్లె అలా తరలిరావడం అదే మొదలు, అదే చివర. తెర మీద నాలుగైదు తలలు వచ్చి చేరాయి. నేను లడ్డూ ఉన్న చేత్తోనే దండం పెట్టి, చేసిందంతా చెప్పాను. మాటలు వెతుక్కోకుండా, ఉపన్యాసం లేకుండా చెప్పడం నాకు అదే మొదటిసారి. క్షమించమన్నాను. పద్మ కళ్ళు తుడుచుకుంటూ అంతా విని అడిగింది.

"అయితే నా కడుపుల ఏం పోలేదా?"

"ఏం పోలేదమ్మా."

ఆమె ఊపిరి వదలడం వినిపించింది.

"మరి ఆ రాయి యాడిది?"

నేను ఆగలేకపోయాను. ఏం చేయను, చింత చచ్చినా పులుపు చావదు. "అది కుజుడికీ గురుడికీ మధ్యన ఉండే వలయంలో..." అని మొదలుపెట్టేసరికి ఓబులేసు నా కాలు తొక్కాడు. బూటుతో తొక్కాడు.

"రాయికి బొట్టు పెట్టినవా?" అని పద్మ మొగుణ్ణి అడిగింది.

"పెట్టిన," అన్నాడు రాజేశం.

"పేర్లు గూడ?"

"పెట్టిన."

ముందు ఆమెకే నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, వాళ్ళమ్మకు అంటుకుని, ఇటు రాజేశానికి అంటుకుని, గదంతా పాకింది. నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే. నాకు ఆ అర్హత లేదనిపించింది. చేతిలో లడ్డూ పొడైపోయింది.

బిడ్డను రాజేశం దగ్గర వదిలి నా గ్రహశకలాన్ని తీసుకెళ్దామని గోడ దగ్గరికి వెళ్తే, అక్కడి పెద్దాయన ఒకాయన అడ్డం వచ్చాడు. బొట్టు పెట్టి, దీపం చూపించిన రాయిని తీయకూడదన్నాడు. మిగతావాళ్ళూ అంతే అన్నారు. అలా నా ఏడో నంబరు ఆ క్యాంపులోనే దేవుడైంది. దారిలోనే డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పడంతో, సాయంత్రం హాలుకు తిరిగి వెళ్ళేసరికి ఖాళీ మేకు కింద సత్యవతి మేడమ్ చేతిరాతతో కాగితం వేలాడుతోంది: "ఏడో నంబరు గ్రహశకలం కాదు. తల్లీ బిడ్డా క్షేమం." దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళు మిగతా పదకొండింటి దగ్గర కలిపినా లేరు.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు. పద్మకు తలనొప్పి వచ్చిందంటే నాకు జ్వరం వచ్చేది. ఆరో నెల, ఏడో నెల, ఎనిమిదో నెల. ఇంట్లో ఉన్న మొగుడు కూడా అంత భయపడి ఉండడు. రాజేశం మాత్రం మునుపటిలాగే మాట్లాడేవాడు, అదే నాకు పెద్ద శిక్ష. ఎండలు ముదిరే వేళకు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు. రాజేశం జీతం లేని సెలవు పెట్టి వెళ్ళి, బిడ్డను ఎత్తుకుని, రెండు నెలలకు తిరిగి వచ్చాడు.

వచ్చిన వారంలోనే షాపుకు వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన పెద్ద ఫ్రేము. నా ఎదుట నిలబెట్టి విప్పాడు. నుదుటి మీద, బుగ్గ మీద దిష్టిచుక్కలతో, పిడికిళ్ళు బిగించుకుని, ఈ లోకం మీద కోపంగా ఉన్న పిల్ల. ప్రింటు బ్రహ్మాండంగా ఉంది. రంగులు సరిగ్గా కుదిరాయి. ఫ్రేము కూడా మేం వాడే రకం కాదు.

"ఎక్కడ చేయించావు?" అన్నాను.

రాజేశం తల గోక్కున్నాడు. మా షాపుకు ఎదురుగా, రోడ్డవతల ఉన్న స్టూడియో వైపు చూశాడు.

"ఏమనుకోకన్నా. నీకు సూపిద్దామని తెచ్చిన. గని బిడ్డ ముచ్చట గదా."

ఏమనుకుంటాను? ఆ పిల్లను చాలాసేపు చూశాను. ఒక్క ముక్క వివరణ ఇవ్వలేదు.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, నవగ్రహాల సాక్షిగా, వాటి మధ్య తిరిగే చిన్నాపెద్దా రాళ్ళన్నిటి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఫొటోనైనా ముందు తిప్పి, కళ్ళతో చూసి, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. బూడిద రంగులో ఉన్నదైతే, చూశాక కూడా తెరవను. డాక్టరమ్మకు ఫోన్ చేస్తాను.